మోసుడు వేరు, ఆగుడు వేరు

అమెరికాలో కొందరు పికప్ ట్రక్కు వెనక ఒక చిన్న గదినే ఎక్కించుకుని ఊళ్లు తిరుగుతారు. మంచం, పొయ్యి, నీళ్ల ట్యాంకు అన్నీ అందులోనే. దాన్ని ట్రక్ క్యాంపర్ అంటారు. మా గంభీరావుపేట రోడ్ల మీద అవి కనిపించవు గానీ, వాటికి దగ్గరి చుట్టం ఒకటుంది. ట్రాలీ బండి మీద డబ్బా కట్టించి నడిపే టిఫిన్ సెంటర్. శివరాత్రికి వేములవాడ, హనుమాన్ జయంతికి కొండగట్టు, మిగతా రోజులు సిరిసిల్ల బస్టాండు. మా చిన్నాయన కూడా అలాంటిదే కట్టిద్దామనుకుంటున్నాడు. మెకానికల్ చదువుతున్నా కాబట్టి లెక్క నా మీద పడింది.

డబ్బాలు కట్టే షెడ్డులో చెప్పింది ఒక్కటే మాట: "ఏం గాదు, టన్ను ఈజీగ మోస్తది." 2005లో వచ్చిన టాటా ఏస్‌ని జనం ఛోటా హాథీ అన్నారు. పేరులో ఏనుగుందని ఏనుగు మోసేంత ఎక్కిస్తే ఎట్లా? బండి ఎంత మోయాలో ఆర్సీలోనే ఉంటుంది. అందులో రెండు అంకెలు చూడాలి: ఖాళీ బరువు, లోడుతో కలిపి మొత్తం బరువు. తేడా ఎంతో అంతే మన వాటా.

చిన్నాయన చూసిన పాత బండి మొత్తం బరువు ఆర్సీలో 1,550 కేజీలు. డాలా విప్పించి కాంటా వేస్తే 850 వచ్చింది. మిగిలింది 700. ఇప్పుడు ఎక్కించేవి రాద్దాం.

ఇనుప ఫ్రేము, రేకులు, ప్లైవుడ్‌తో డబ్బా: 320
స్టౌలు, పెనం, గ్రైండర్, గిన్నెలు: 110
నీళ్లు 100 లీటర్లు: 100
కమర్షియల్ సిలిండర్లు రెండు: 75
పిండి, సరుకులు: 60
డ్రైవరు, ఇంకో మనిషి: 140

మొత్తం 805. అంటే 105 కేజీలు ఎక్కువ. ఇందులో మనం సాధారణంగా మర్చిపోయేవి మూడు. కమర్షియల్ సిలిండర్‌లో గ్యాసే 19 కేజీలు, ఇనుము బరువు దానికి అదనం. ఆర్సీలోని ఖాళీ బరువులో డ్రైవరు ఉండడు. లీటరు నీళ్లంటే కేజీ బరువు.

"105 కేజీలకే ఏమైతది? కమాన్లకు ఇంకో పట్టీ వేయిస్తే సరి" అని షెడ్డులో సలహా. అసలు తిరకాసు ఇక్కడే ఉంది. పట్టీ వేస్తే బండి వెనక కుంగదు, చూడ్డానికి నిటారుగా నిలబడుతుంది. కానీ బ్రేకు డ్రమ్ములు పాతవే, ఇరుసు పాతదే, టైర్లు పాతవే. జ్వరం తగ్గలేదు, థర్మామీటర్ పగలగొట్టాం, అంతే. బండిని ఆపడమంటే దాని గతిశక్తి మొత్తాన్ని బ్రేకుల్లో వేడిగా మార్చడం. బరువు ఎంత పెరిగితే ఆ వేడి అదే లెక్కన పెరుగుతుంది, వేగం రెట్టింపైతే నాలుగింతలవుతుంది. ఘాట్ దిగేటప్పుడు ఎత్తు వల్ల వచ్చే శక్తి కూడా తోడవుతుంది. 2018 సెప్టెంబర్ 11న కొండగట్టు ఘాట్ దిగుతూ లోయలో పడిన ఆర్టీసీ బస్సులో సీట్లకు మించి చాలామంది ఉన్నారు. 60 మందికి పైగా పోయారు. ఏ ప్రమాదానికైనా కారణం ఒక్కటే ఉండదు. కానీ ఆ దారి తెలిసినవాళ్లెవరూ "ఏం గాదు" అనే మాట తేలిగ్గా అనలేరు.

ఇంకో సంగతి. బరువు ఎంతో కాదు, ఎక్కడో కూడా చూడాలి. ముందు, వెనక ఇరుసుల మధ్య దూరం 2.1 మీటర్లు అనుకుందాం. 100 కేజీల నీళ్లను వెనక ఇరుసుకు అర మీటరు వెనక పెడితే, ఫస్ట్ ఇయర్‌లో చదివిన మొమెంట్ల లెక్క ప్రకారం వెనక ఇరుసు మీద 124 కేజీలు పడతాయి, ముందు ఇరుసు 24 కేజీలు తేలికవుతుంది. స్టీరింగ్ పట్టు ఉండేది ముందు చక్రాలకే కదా. అందుకే ట్యాంకు క్యాబిన్ వెనకే, వీలైనంత కింద ఉండాలి. సగం నిండిన ట్యాంకులో నీళ్లు మలుపులో ఒక పక్కకు ఒరుగుతాయి కాబట్టి లోపల అడ్డు పలకలు కూడా కావాలి.

మరి 805ని 700 లోపలికి ఎట్లా తేవాలి? ఫ్రేము సన్నబరిచి అల్యూమినియం షీట్లు వాడితే డబ్బా 230కి దిగుతుంది. నీళ్లు 60 లీటర్లు చాలు. సిలిండర్ ఒక్కటే. "నీళ్లు తక్కువైతే గిరాకీ ఎట్ల?" అని చిన్నాయన అడిగాడు. నీళ్లు జాతర కాడ నింపుకోవచ్చు, రోడ్డు మీద మోయనక్కర్లేదు. మొత్తం 638. ఇంకా 62 కేజీలు మిగులు. అది ఖాళీగానే ఉండాలి, ఎందుకంటే డబ్బా ఎప్పుడూ అనుకున్నదానికంటే బరువుగానే తయారవుతుంది.

కాగితం లెక్కతో ఆగకూడదు. వడ్ల సీజన్‌లో ధర్మకాంట దగ్గర లోడు బరువులోంచి ఖాళీ బరువు తీసేయడం మనందరం చూసిందే. డబ్బా కట్టాక, సామానూ మనుషులూ ఎక్కాక, అదే కాంటా మీద మొదట ముందు చక్రాలు మాత్రమే ఎక్కించండి, తర్వాత మొత్తం బండి. తీసివేస్తే వెనక ఇరుసు బరువు తెలుస్తుంది.

చట్టం సంగతీ తెలిసి ఉండాలి. మోటారు వాహనాల చట్టం 1988 సెక్షన్ 52 ప్రకారం బండి రూపం మారిస్తే రవాణా శాఖ అనుమతి కావాలి. సెక్షన్ 194 కింద ఓవర్‌లోడుకు 20,000 రూపాయలు, ఎక్కువైన ప్రతి టన్నుకు ఇంకో 2,000 జరిమానా. కొత్త టిఫిన్ బండికి అది చాలా రోజుల సంపాదన.

మీ ఊళ్లో ఎవరైనా ఇలాంటి బండి కట్టిస్తుంటే డిజైన్ గురించి తర్వాత మాట్లాడండి. ముందు ఆర్సీ తీసి ఆ రెండు అంకెలు చదివి చెప్పండి. తీసివేత లెక్కే, మూడో తరగతిది.