ప్రింటర్ కనిపించట్లేదంటే, ఏ మెట్టు దగ్గర ఆగినట్టు?

కంప్యూటర్ సైన్స్‌లో సీటు వచ్చిన రోజే మనకి తెలియకుండా ఇంకో ఉద్యోగం కూడా వచ్చేస్తుంది. చుట్టాల్లో ఎవరింట్లో ప్రింటర్ మొరాయించినా ఫోన్ మనకే వస్తుంది. "నువ్వు కంప్యూటర్లే కదా చదువుతున్నావ్, కాస్త చూడు" అంటారు. ప్రింటర్ గురించి మనకి క్లాసులో ఎవరూ చెప్పరు. కానీ ఆ ఫోన్ వచ్చినప్పుడు కావాల్సిన పద్ధతి మాత్రం మనం రోజూ ల్యాబ్‌లో వాడేదే. సమస్యని ముక్కలు చేసి, తప్పు ఏ ముక్కలో ఉందో పట్టుకోవాలి.

"కంప్యూటర్ ప్రింటర్‌ని గుర్తుపట్టట్లేదు" అన్నది వినడానికి ఒకటే మాట. దాని వెనకాల నాలుగు వేరువేరు జబ్బులు ఉండొచ్చు. నాలుగింటికీ మందు ఒకటి కాదు. అయినా చాలామంది మొదట చేసే పని డ్రైవర్ తీసేసి మళ్ళీ వేయడం. కేబుల్ పోయినప్పుడు డ్రైవర్ పదిసార్లు వేసినా ఏం లాభం? ఇలా గంటలు పోతాయి, రిపేరు షాపుకి డబ్బులు పోతాయి, ఒక్కోసారి బాగానే ఉన్న ప్రింటర్ పాత సామాన్ల వాడి బండెక్కుతుంది. అందుకే ఆ నాలుగు మెట్లూ వరసగా రాస్తున్నాను. ఎక్కువగా విండోస్ గురించి, అక్కడక్కడా లినక్స్ గురించి.

మొదటి మెట్టు: ప్రింటర్ తనంతట తాను బాగుందా?

ముందు కంప్యూటర్‌ని పక్కన పెట్టేయండి. ఇళ్ళలో ఉండేవి ఎక్కువగా స్కానర్ కూడా ఉన్న ప్రింటర్లే కాబట్టి, గాజు మీద ఏదో ఒక కాగితం పెట్టి కాపీ బటన్ నొక్కండి. స్కానర్ లేకపోతే, ఏ బటన్ ఎంతసేపు నొక్కితే టెస్ట్ పేజీ వస్తుందో ఆ మోడల్ మాన్యువల్‌లో ఉంటుంది.

కాపీ శుభ్రంగా వచ్చిందంటే మోటారు, ఇంకు, కాగితం లాగే రోలర్లు, ప్రధాన బోర్డు అన్నీ పని చేస్తున్నట్టే. తప్పు ప్రింటర్‌కీ కంప్యూటర్‌కీ మధ్యలో గానీ, కంప్యూటర్‌లో గానీ ఉంది. ప్రింటర్‌లో ఇంకా అనుమానించాల్సింది కేబుల్ గుచ్చే సాకెట్, వైఫై భాగం మాత్రమే. ఒక్క కాగితంతో సగం అనుమానాలు తీరిపోయాయి. బైనరీ సెర్చ్ అంటే ఇదే కదా.

రెండో మెట్టు: తలుపు చప్పుడు వినిపించిందా?

యూఎస్‌బీ కేబుల్ గుచ్చగానే జరిగే సంభాషణ, మన ఇంటికి ఎవరైనా వచ్చినప్పుడు జరిగేదానిలాగే ఉంటుంది. యూఎస్‌బీ 2.0 కేబుల్‌లో నాలుగు తీగలు ఉంటాయి. రెండు కరెంటుకి, రెండు డేటాకి. డేటా తీగల పేర్లు డీ ప్లస్, డీ మైనస్. ప్రింటర్ లోపల 1.5 కిలో ఓమ్‌ల రెసిస్టర్ ఒకటి డీ ప్లస్ తీగని 3.3 వోల్టుల వైపు లాగుతుంది. ఆ తీగ మీద వోల్టేజ్ పెరగడమే తలుపు చప్పుడు. కంప్యూటర్‌కి "ఎవరో వచ్చారు" అని అప్పుడు తెలుస్తుంది.

వెంటనే కంప్యూటర్ ఆ పోర్ట్‌ని రీసెట్ చేసి "ఎవరండీ?" అని అడుగుతుంది. వచ్చినదానికి 1 నుంచి 127 లోపు ఒక నంబర్ ఇస్తుంది. అడ్రస్‌కి 7 బిట్లే ఉన్నాయి కాబట్టి అంతకు మించి కుదరదు. అప్పుడు ప్రింటర్ తన వివరాలు చెప్పుకుంటుంది. అందులో ముఖ్యమైనవి వెండర్ ఐడీ, ప్రొడక్ట్ ఐడీ అనే రెండు 16 బిట్ల సంఖ్యలు. వెండర్ ఐడీ ఇంటిపేరు, ప్రొడక్ట్ ఐడీ అసలు పేరు అనుకోండి. మన తెలుగువాళ్ళలాగే ఇంటిపేరు ముందు చెప్తుంది. "నేను ప్రింటర్ జాతి" అని చెప్పడానికి 07 అనే క్లాస్ కోడ్ కూడా ఇస్తుంది. ఈ తతంగం మొత్తాన్ని ఎన్యూమరేషన్ అంటారు.

గమనించండి, ఇంతవరకు ప్రింటర్ కంపెనీ డ్రైవర్‌కి పనే లేదు. కాబట్టి ఈ మెట్టు దగ్గర ఆగిపోతే డ్రైవర్ జోలికి వెళ్ళక్కర్లేదు.

ఎక్కడ ఆగిందో ఎలా తెలుస్తుంది? డివైస్ మేనేజర్ తెరిచి పెట్టుకుని, ప్రింటర్ ఆన్‌లో ఉండగా కేబుల్ తీసి మళ్ళీ గుచ్చండి. మూడు రకాలుగా జరగొచ్చు.

శబ్దం లేదు, లిస్టులో కదలిక లేదు అంటే చప్పుడే వినపడలేదు. కేబుల్, కంప్యూటర్ పోర్ట్, ప్రింటర్ సాకెట్, ఈ మూడింటిలో ఒకటి తేడా. ఒక్కోసారి ఒక్కటే మార్చి చూడాలి. మూడూ ఒకేసారి మార్చేస్తే ప్రింటర్ పని చేస్తుంది గానీ తప్పు దేనిదో తెలియదు.

"అన్‌నోన్ యూఎస్‌బీ డివైస్, డివైస్ డిస్క్రిప్టర్ రిక్వెస్ట్ ఫెయిల్డ్" అని కోడ్ 43తో వచ్చిందంటే తలుపు చప్పుడు వినపడింది, కానీ "ఎవరండీ?" అన్నదానికి జవాబు సరిగ్గా అందలేదు. ఎక్కువసార్లు దీనికి కారణం నాసిరకం కేబుల్, పొడవు కేబుల్, లేదా మధ్యలో ఉన్న హబ్. యూఎస్‌బీ 2.0 కేబుల్ 5 మీటర్లు దాటకూడదు. హబ్ తీసేసి నేరుగా కంప్యూటర్‌కే గుచ్చి చూడండి.

పేరు లిస్టులోకి వచ్చి పక్కన పసుపు గుర్తు ఉంటే ఈ మెట్టు దాటినట్టే. మూడో మెట్టుకి వెళ్ళిపోవచ్చు.

లినక్స్ వాడేవాళ్ళకి ఇది ఇంకా తేలిక. టెర్మినల్‌లో ఎల్‌ఎస్‌యూఎస్‌బీ కమాండ్ కొడితే ఇంటిపేరు, పేరు పక్కపక్కనే కోలన్ పెట్టి చూపిస్తుంది. కేబుల్ గుచ్చుతూ డీమెస్‌గ్ చూస్తే ఈ సంభాషణ అంతా లైన్ల వారీగా కనిపిస్తుంది.

వైఫై అయితే

వైఫై ప్రింటర్‌కి తీగ లేదు కాబట్టి రెండో మెట్టు వేరేలా ఉంటుంది. ఇక్కడ అడగాల్సిన ప్రశ్న: ప్రింటర్, కంప్యూటర్ ఒకే ఇంట్లో ఉన్నాయా? అంటే ఒకే నెట్‌వర్క్‌లో ఉన్నాయా?

ప్రింటర్ స్క్రీన్ మీద గానీ, నెట్‌వర్క్ వివరాల పేజీ ప్రింట్ తీసి గానీ దాని ఐపీ అడ్రస్ చూడండి. అది 169.254తో మొదలైతే రౌటర్ దానికి అడ్రస్ ఇవ్వలేదని, తనకి తానే ఒకటి పెట్టుకుందని అర్థం. అలా కాకుండా 192.168తో మొదలై, మొదటి మూడు అంకెల గుంపులూ మన కంప్యూటర్ అడ్రస్‌తో కలిస్తే, మామూలు ఇంటి రౌటర్ల దగ్గర రెండూ ఒకే నెట్‌వర్క్‌లో ఉన్నట్టే. అప్పుడు ఆ అడ్రస్‌ని పింగ్ చేసి చూడండి.

ఇక్కడ తరచుగా అడ్డుపడేవి కొన్ని ఉన్నాయి. చాలా ఇంటి ప్రింటర్లు 2.4 గిగాహెర్ట్జ్ వైఫైనే అందుకుంటాయి, 5 గిగాహెర్ట్జ్ పేరు వాటికి కనిపించదు. గెస్ట్ వైఫైలో ఉన్న పరికరాలు ఒకదాన్నొకటి చూడకుండా రౌటర్ అడ్డుకుంటుంది. విండోస్‌లో ఇంటి వైఫైని పబ్లిక్ నెట్‌వర్క్‌గా పెట్టుకుంటే చుట్టూ ఉన్న పరికరాలని వెతకడం ఆగిపోతుంది. వీపీఎన్ ఆన్‌లో ఉంటే కూడా ఒక్కోసారి ఇదే గొడవ.

మూడో మెట్టు: పేరు తెలిసింది, భాష తెలుసా?

వచ్చింది ఎవరో తెలిసింది. కానీ వాళ్ళ భాష మనకి రాకపోతే మాట్లాడేది ఎలా? డ్రైవర్ అంటే ఆ దుబాసీ. డివైస్ మేనేజర్‌లో కోడ్ 28 ఉంటే డ్రైవర్ లేదని అర్థం. డ్రైవర్ వేయాల్సిన సమయం ఇదే.

డ్రైవర్‌ని కంపెనీ సొంత వెబ్‌సైట్ నుంచే తీసుకోవాలి. ప్రింటర్ మీద ఉన్న మోడల్ నంబర్ చివరి అక్షరంతో సహా సరిచూసుకోండి. మీ విండోస్ 32 బిట్టా, 64 బిట్టా, లేదా ఆర్మ్ ప్రాసెసర్ ఉన్న కొత్త ల్యాప్‌టాపా అన్నది కూడా చూడాలి. పాత ప్రింటర్ కొత్త ల్యాప్‌టాప్‌తో కలవకపోవడానికి ఇదొక పెద్ద కారణం. కొన్ని ప్రింటర్లకి సాఫ్ట్‌వేర్ అడిగేదాకా కేబుల్ గుచ్చొద్దని మాన్యువల్‌లోనే ఉంటుంది. దాన్ని పాటించండి.

ఇప్పుడు పరిస్థితి మారుతోంది. ఐపీపీ అనే ఉమ్మడి భాష మాట్లాడే ప్రింటర్లకి విడిగా దుబాసీ అక్కర్లేదు. పెట్టె మీద మోప్రియా, ఎయిర్‌ప్రింట్ అని ఉండేవి ఆ రకమే. కంపెనీల డ్రైవర్లని విండోస్ అప్‌డేట్ ద్వారా ఇవ్వడం మెల్లగా తగ్గిస్తామని మైక్రోసాఫ్ట్ 2023లో ప్రకటించింది. విండోస్ 11లో 24హెచ్2 నుంచి ప్రొటెక్టెడ్ ప్రింట్ మోడ్ అనే సెట్టింగ్ కూడా ఉంది. అది ఆన్ చేస్తే కంపెనీ డ్రైవర్‌తో నడిచే పాత ప్రింటర్లు పని చేయవు. "నిన్నటిదాకా వచ్చింది, ఇవాళ పోయింది" అంటే ఆ సెట్టింగ్ కూడా ఒకసారి చూడండి.

నాలుగో మెట్టు: పని సరైన చోటికే వెళ్తోందా?

ప్రింటర్ పేరు కనిపిస్తుంది, పక్కన "ఆఫ్‌లైన్" అని ఉంటుంది. లేదా ప్రింట్ కొడితే క్యూలో కూర్చుని కదలదు. అలాంటప్పుడు రెండు చూడాలి.

ఒకటి, పోర్ట్. ప్రింటర్‌ని ఒక యూఎస్‌బీ పోర్ట్ నుంచి ఇంకో దానికి మారిస్తే విండోస్ ఒక్కోసారి దాన్ని కొత్త ప్రింటర్ అనుకుని "కాపీ 1" అని ఇంకోటి సృష్టిస్తుంది. మనం పాత పేరుకే పంపిస్తూ ఉంటాం, అక్కడ ఎవరూ ఉండరు. వైఫైలో అయితే రౌటర్ ప్రింటర్‌కి కొత్త ఐపీ ఇచ్చి ఉంటుంది, కంప్యూటర్ పాత ఐపీకే పంపిస్తూ ఉంటుంది. ప్రింటర్ ప్రాపర్టీస్‌లో పోర్ట్స్ అనే ట్యాబ్‌లో ఇది కనిపిస్తుంది.

రెండు, స్పూలర్. ప్రింట్ పనులని వరసలో పెట్టి పంపే సర్వీస్ ఇది. సర్వీసెస్‌లో ప్రింట్ స్పూలర్‌ని రీస్టార్ట్ చేయండి. అప్పటికీ క్యూ కదలకపోతే స్పూలర్‌ని ఆపి, సీ డ్రైవ్‌లో విండోస్, అందులో సిస్టమ్32, అందులో స్పూల్, అందులో ప్రింటర్స్ అనే ఫోల్డర్‌లో ఉన్న ఫైళ్ళు తీసేసి, మళ్ళీ స్టార్ట్ చేయండి. ఫైళ్ళు మాత్రమే తీయాలి, ఫోల్డర్‌ని ముట్టుకోవద్దు. లినక్స్‌లో ఈ పని కప్స్ చేస్తుంది. బ్రౌజర్‌లో లోకల్‌హోస్ట్ కోలన్ 631 తెరిస్తే దాని పేజీ వస్తుంది.

ఒక నిజమైన కేసు

మా పిన్ని భీమవరంలో ఇంట్లోనే ట్యూషన్ చెప్తుంది. ఈ సెమిస్టర్ మొదట్లో ఒక రాత్రి హాస్టల్‌కి ఫోన్ చేసింది. "ఒరే నాన్నా, ప్రింటర్ చచ్చిపోయిందిరా. పొద్దున్నే పిల్లలకి పరీక్ష. షాపతను ఫోన్‌లోనే బోర్డు పోయుంటుంది, మూడు వేలు అవుతుందన్నాడు. కొత్తదే కొనేయమంటావా?"

"ముందు ఏదైనా కాగితం పెట్టి కాపీ తియ్యి పిన్నీ" అన్నాను. కాపీ వచ్చింది. బోర్డు పోలేదన్నమాట. పరీక్ష పేపర్‌కి కూడా ఒక దారి దొరికింది. చేత్తో ఒకటి రాస్తే మిగతావి కాపీలు తీసుకోవచ్చు. దాంతో పిన్ని కంగారు తగ్గింది.

"వైఫై లైటు ఎలా ఉంది?" "మిణుకు మిణుకుమంటోంది." "ఈ రెండు మూడు రోజుల్లో ఇంట్లో ఏమైనా మార్చారా?" "ప్రింటర్‌ని ఎవరూ ముట్టుకోలేదు. నిన్న బాబాయ్ కొత్త నెట్ పెట్టించారంతే."

అక్కడ దొరికింది. కొత్త రౌటర్, కొత్త వైఫై పేరు. ప్రింటర్ మాత్రం పాత పేరు కోసమే వెతుక్కుంటోంది. బాబాయ్‌తో కొత్త రౌటర్‌లో 2.4 గిగాహెర్ట్జ్ వైఫైకి పాత పేరు, పాత పాస్‌వర్డే పెట్టించాను. కాసేపటికి మిణుకు ఆగి లైటు నిలిచింది. రెండో మెట్టు దాటాం. అయినా కంప్యూటర్‌లో ఆఫ్‌లైన్ అనే ఉంది, ఎందుకంటే ఐపీ మారిపోయింది. అది నాలుగో మెట్టు. పాత ప్రింటర్ ఎంట్రీ తీసేసి మళ్ళీ యాడ్ చేయమన్నాను. ప్రశ్నపత్రం వచ్చింది. ఖర్చు సున్నా.

ఫోన్‌లో అడగడానికి

దూరం నుంచి సాయం చేసేటప్పుడు "డివైస్ మేనేజర్ ఓపెన్ చెయ్యి" అని మొదలుపెడితే అమ్మావాళ్ళు భయపడతారు. ఈ నాలుగు ప్రశ్నలు ఈ వరసలోనే అడగండి:

1. కాపీ వస్తోందా?
2. వైరు గుచ్చితే కంప్యూటర్ శబ్దం చేసిందా? వైఫై అయితే, లైటు నిలకడగా ఉందా?
3. లిస్టులో ప్రింటర్ పేరు ఉందా?
4. పేరు పక్కన ఏం రాసి ఉంది?

వీటితో పాటు, "ఈమధ్య ఇంట్లో ఏం మారింది?" అని తప్పకుండా అడగండి. ప్రింటర్ గురించి మాత్రమే అడిగితే కొత్త రౌటర్ సంగతి బయటికి రాదు.

ఇంకో మాట కూడా ఇంట్లో చెప్పి ఉంచండి. కస్టమర్ కేర్ నంబర్ కోసం గూగుల్‌లో వెతికితే దొంగ నంబర్లు కూడా వస్తాయి. వాళ్ళు సాయం చేస్తామని స్క్రీన్ షేరింగ్ యాప్ వేయించి, ఓటీపీ అడిగి, బ్యాంకు ఖాతా ఖాళీ చేస్తారు. నంబర్ కావాలంటే మాన్యువల్‌లోనో, కంపెనీ సొంత వెబ్‌సైట్‌లోనో చూడాలి. పొరపాటున డబ్బు పోతే వెంటనే 1930కి ఫోన్ చేయాలి.

చివరగా ఒక చిన్న హోంవర్క్. మీ దగ్గర ఏ యూఎస్‌బీ పరికరం ఉన్నా, మౌస్ అయినా సరే, లినక్స్‌లో గుచ్చి దాని ఇంటిపేరు, పేరు కనుక్కోండి. తర్వాత అదే కంపెనీది ఇంకో పరికరం గుచ్చి చూడండి. ఇంటిపేరు కలుస్తుందో లేదో మీకే తెలుస్తుంది.