మంచానికి తలదిక్కు పలక

అక్కలారా! ఈ పాఠంలో టేపు పట్టుకొని ఒక పని చేద్దాం. మంచానికి తలదిక్కున, ఆనుకొని కూర్చోవడానికి ఒక పలక చేద్దాం.

సూర్యాపేట షాపుల్లో అమ్మే డబల్‌కాట్ మంచం చూసే ఉంటారు. దానికి తలదిక్కున ఎత్తుగా పలక ఉంటుంది. సోకు కోసం పెట్టినట్టు అనిపిస్తుంది. కానీ దానికీ పని ఉంది. మన నులక మంచానికి, నవారు మంచానికి ఆ పలక ఉండదు. పడుకునేవాళ్లకు దానితో పని లేదు. కూర్చునేవాళ్లకే పని.

మంచం మీద ఎక్కువసేపు కూర్చునేది ఎవరు? బాలింత. బిడ్డకు పాలివ్వడానికి రాత్రి ఎన్నిసార్లో లేస్తుంది. వీపుకు ఆనుడు లేకపోతే నడుము గుంజుతుంది. ఇంకెవరు? దమ్ము ఉన్న ముసలి అత్త. పడుకుంటే ఆమెకు ఊపిరాడదు. కూర్చుంటేనే కొంచెం నిమ్మళం. వీళ్లు గోడకు ఆనుకుంటారు. వానకాలం గోడ చెమ్మగిల్లుతుంది. చలికాలం జిల్లుమంటుంది. సున్నం జుట్టుకు, రవికెకు అంటుతుంది. (దమ్ముకు మందు మాత్రం డాక్టరు దగ్గర తీసుకోవాల్సిందే.)

ముందు మంచం కొలవండి. 12 అంగుళాలు ఒక అడుగు. మంచం వెడల్పు 3 అడుగులు ఉందనుకుందాం. అంటే 36 అంగుళాలు. పలక వెడల్పు కూడా అంతే. పలక ఎత్తు 24 అంగుళాలు చాలు. వీపు, భుజాలు ఆనుతాయి. పలకకు రెండు కాళ్లు కావాలి. మంచం నేల నుంచి 18 అంగుళాలు ఉంటే, 18, 24 కలిపి 42. ఒక్కో కాలు 42 అంగుళాలు.

ఈ అంకెలు చీటీ మీద రాసుకొని వడ్లాయన దగ్గరికి పోండి. చేతులు చాపి "గింత పొడుగు" అని చూపిస్తే కర్ర ఎక్కువ పోతుంది. డబ్బులూ ఎక్కువ పోతాయి.

పలక దేనితో చేయాలి? పాత తలుపు చెక్కలతో చేయొచ్చు. వెదురు తడికతో చేయొచ్చు. నా మట్టుకు నాకు తడికే మేలు. తేలికగా ఉంటుంది. ఆడవాళ్లు ఒక్కరే ఎత్తి ఎండలో పెట్టొచ్చు. రెండు వెదురు కాళ్లు, పైన ఒక బద్ద, కింద ఒక బద్ద పెట్టి తడికను సుతిలితో కట్టాలి. చెక్కలైతే కాళ్లకు అడ్డంగా పెట్టి మేకులు కొట్టాలి. మేకు మొన అవతలికి రావొద్దు. వస్తే వంచి కొట్టండి.

పాత తలుపుకు రంగు ఉంటే గీకొద్దు. పాత రంగుల్లో సీసం ఉండవచ్చు. గీకితే ఆ దుమ్ము పిల్లల నోట్లోకి పోతుంది. సీసం పిల్లల మెదడుకు చేటు. ఇంటి రంగుల్లో సీసం పది లక్షల పాళ్లకు 90 పాళ్లు మించొద్దని మన దేశంలో నియమం ఉంది. అది 2017 నవంబరు 1 నుంచి అమల్లోకి వచ్చింది. అంతకు ముందు వేసిన రంగును నమ్మలేం. రంగు లేని చెక్క దొరికితే అదే తీసుకోండి.

ఇంకో సంగతి. ఇది అన్నిటికంటే ముఖ్యం. మన దిక్కు పత్తికి, వరికి పురుగుమందు కొడతారు. మందు వచ్చిన అట్టపెట్టెలు, సంచులు చావిట్లో పడి ఉంటాయి. "ఉత్తగ పడున్నయి గదా, పలకకు పెడదాం" అనిపిస్తుంది. వద్దు. వాటి మీద మూల మీద నిలబెట్టిన చతురస్రం గుర్తు ఉంటుంది. దాని కింది సగం రంగు చూడండి. ఎరుపు అంటే అన్నిటికంటే గట్టి విషం. తరువాత పసుపు, ఆ తరువాత నీలం. ఆకుపచ్చ అంటే తక్కువ విషం. తక్కువైనా విషమే. బిడ్డ మొహం ఆనే చోట ఏ రంగు గుర్తు ఉన్నదీ పెట్టొద్దు.

వడ్లు పోసిన గోనె సంచి అయితే మంచిది. రెండు సంచులు ఉడుకు నీళ్లలో ఉతికి, బాగా ఎండబెట్టండి. మధ్యలో పాత బొంత మడతపెట్టండి. బూరుగు దూది ఉంటే ఇంకా మెత్తన. దబ్బనంతో, సుతిలితో పలకకు కుట్టండి.

దానిమీద చీర తొడుగు. ఆరు గజాల పాత చీర తీసుకోండి. గజానికి 36 అంగుళాలు. ఆరు గజాలు 216 అంగుళాలు. అందులో 56 అంగుళాల ముక్క కత్తిరించి సగానికి మడవండి. 28 అంగుళాల ఎత్తు వస్తుంది. మడత పైకి ఉంచి, రెండు పక్కలా కుట్టండి. వెడల్పు 40 అంగుళాలు ఉండాలి. మెత్తకు గలీబు తొడిగినట్టు పలకకు పైనుంచి తొడగండి. కింద నాలుగు నాడాలు కట్టండి. మాసినప్పుడు విప్పి ఉతకొచ్చు. మిగిలిన 160 అంగుళాల చీర బొంతకు పనికొస్తుంది.

మంచాన్ని గోడకు జరపండి. పలక కాళ్లు గోడకు, మంచం కోళ్లకు మధ్యన ఉండాలి. ఒక్కో కాలిని మంచం కోడుకు రెండు చోట్ల తాడుతో బిగించండి. కోడుకు రంధ్రం చేయొద్దు. బలం పోతుంది. తాడైతే ఎండాకాలం పలక విప్పి మంచం వాకిట్లో వేసుకోవచ్చు. దురాజ్‌పల్లి పెద్దగట్టు జాతరకు రెండేళ్లకోసారి చుట్టాలు దిగుతారు. అప్పుడూ మంచాలు బయటికి రావాల్సిందే కదా!

నల్లులు చేరేది సందుల్లోనే. నెలకోసారి పలక విప్పండి. తొడుగు ఉడుకు నీళ్లలో వేయండి. సందుల్లో మసిలే నీళ్లు పోసి ఎండబెట్టండి. నల్లులకని పత్తికి కొట్టే మందు మంచానికి కొట్టొద్దు.

మీ ఇంట్లో కొలిచి అంగుళాల్లో రాయండి:
మంచం వెడల్పు ..........
నేల నుంచి మంచం ఎత్తు ..........
పలక ఎత్తు ..........
ఒక్కో కాలు పొడవు ..........