నలభై మంది పిల్లలుంటే అంగన్‌వాడీ అడగొచ్చు

తెలంగాణలో మూడేళ్లలోపు పిల్లలకు అంగన్‌వాడీ నుంచి నెలకు రెండున్నర కిలోల బాలామృతం అనే పోషకాహార పొడి ఇంటికి ఇస్తారు. చాలా ఇళ్లలో అది నెలాఖరు దాకా ఉండదు. కమ్మగా ఉంటుంది కదా, అన్నా అక్కా తలో గుప్పెడు నోట్లో వేసుకుంటారు. ఎవరి పేరున వచ్చిందో ఆ బిడ్డకు చివరికి మిగిలేది పల్చటి గంజి, ఓ బిస్కెట్ పొట్లం. ఇల్లంతా అరకొర తిండితో గడుస్తున్నప్పుడు తల్లిని ఆడిపోసుకొని లాభం లేదు.

పిల్లలు సరిగా ఎదగకపోవడానికి కారణాలు ఇంకా ఉన్నాయి. ఆరు నెలలు నిండగానే తల్లిపాలతో పాటు మెత్తటి పప్పన్నం, గుడ్డు అలవాటు చేయాలి. పళ్లు రాలేదని ఏడాది దాకా ఆపేవాళ్లున్నారు. మురికి నీళ్లతో మాటిమాటికీ విరేచనాలు పట్టుకుంటే తిన్నదీ ఒంటబట్టదు. చిన్న వయసు పెళ్లి, తల్లి రక్తహీనత సరేసరి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఐదేళ్లలోపు పిల్లల్లో వయసుకు తగ్గ ఎత్తు లేనివారు తెలంగాణలో 33.1 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 31.2 శాతం.

ఇక చట్టం. అంగన్‌వాడీ భోజనాన్ని సర్కారు దయ అనుకునేవారే ఎక్కువ. కానీ 2013 జాతీయ ఆహార భద్రతా చట్టం ఐదో సెక్షన్ దాన్ని ఆరు నెలల నుంచి ఆరేళ్ల వరకు ప్రతి బిడ్డకూ హక్కు చేసింది. రేషన్ కార్డు ఉండాలన్న షరతు అందులో లేదు. చట్టం వచ్చిన 2013లో మామూలు బిడ్డకు రోజుకు 500 కిలో కేలరీలు, పోషణ లోపించిన బిడ్డకు 800 కిలో కేలరీలు అందాలని అందులో రాశారు. గర్భిణికీ, కాన్పయిన ఆరు నెలల దాకా బాలింతకూ ఉచిత భోజనం నాలుగో సెక్షన్‌లో ఉంది.

ఊళ్లో అసలు అంగన్‌వాడీ కేంద్రమే లేకపోతే? అడిగి పెట్టించుకోవచ్చన్నది చాలామందికి తెలియని సంగతి. గోదాముల్లో ధాన్యం మూలుగుతుంటే కరవు పల్లెలు పస్తులుంటున్నాయంటూ 2001లో రాజస్థాన్ నుంచి పౌరహక్కుల సంఘం పీయూసీఎల్ వేసిన కేసు సుప్రీంకోర్టులో ఏళ్ల తరబడి నడిచింది. అందులో 2006 డిసెంబరు 13న కోర్టు ఇచ్చిన ఆదేశం ప్రకారం, ఆరేళ్లలోపు పిల్లలు 40 మంది ఉండి, కేంద్రం లేని పల్లెగానీ మురికివాడగానీ అడిగితే మూడు నెలల్లో అంగన్‌వాడీ పెట్టాలి. నోటిమాటగా అడిగితే గాలికి పోతుంది. పిల్లల పేర్లు, పుట్టిన తేదీలతో జాబితా రాసి, పెద్దల సంతకాలు పెట్టించి శిశు అభివృద్ధి ప్రాజెక్టు అధికారికి (సీడీపీవో) అర్జీ ఇవ్వాలి. ముద్ర వేసిన నకలు దగ్గర ఉంచుకోవాలి. మూడు నెలల లెక్క ఆ ముద్ర మీది తేదీ నుంచే.

కేంద్రం ఉన్నచోట బిడ్డ జబ్బ కొలిపించడం తల్లి అడిగి చేయించుకోవాల్సిన పని. రంగుల టేపు చుట్టినప్పుడు ఎరుపు పడితే, అంటే ఆరు నెలలు దాటిన బిడ్డకు 11.5 సెంటీమీటర్ల లోపు ఉంటే, అది తీవ్ర పోషణ లోపం. ఆ బిడ్డను డాక్టరుకు చూపించి, అవసరమైతే పోషకాహార పునరావాస కేంద్రంలో చేర్చాలి. ‘కాస్త పెద్దయితే అదే సర్దుకుంటుంది’ అన్న మాట అక్కడ పనికిరాదు.

గుడ్లు రాకపోయినా, కేంద్రం తలుపు తీయకపోయినా ముందు అంగన్‌వాడీ సూపర్‌వైజర్‌కు, ఆపైన జిల్లా ఫిర్యాదుల పరిష్కార అధికారికి రాతపూర్వకంగా చెప్పాలి. ఆయన సిఫార్సు చేసిన ఉపశమనాన్ని సరైన కారణం లేకుండా ఇవ్వని ఉద్యోగికి రాష్ట్ర ఆహార కమిషన్ 5,000 రూపాయల వరకు జరిమానా వేయవచ్చు. అర్జీ రాయడం రాకపోతే న్యాయ సేవల సంస్థను అడగవచ్చు. మహిళలకు, పిల్లలకు ఆదాయంతో పని లేకుండా అక్కడ ఉచిత సాయం అందుతుంది; ఫోన్ నంబరు 15100.