మూడు రాళ్ల పొయ్యి

కోలారు జిల్లా పట్టుకు, పాలకు, పసిడికి పేరు పొందింది. ఇక్కడ జీవనది లేదు. చెరువులు, బోరుబావులే ఆధారం. 1902లో శివనసముద్రం నుండి జలవిద్యుత్తు కోలారు బంగారు గనులకు చేరింది. బెంగుళూరు వీధుల్లో విద్యుద్దీపాలు వెలిగింది ఆ తరువాత, 1905లో. అయినా గనుల చుట్టుపక్కల పల్లెల్లో వంట మాత్రం ఎన్నో ఏళ్లు మూడు రాళ్ల పొయ్యి మీదనే సాగింది.

ఆ పల్లెల్లో ఇల్లాలి పని కోడికూతతో మొదలయ్యేది. పేడ ఎత్తాలి, కసువు ఊడ్వాలి, పాలు పితకాలి, నీళ్లు తేవాలి. ఆ తరువాత పుల్లలకు పోవాలి. నీలగిరి తోపుల్లో రాలిన కొమ్మలు, గట్ల మీది సర్కారు తుమ్మ ఏరి, మోపు కట్టి నెత్తిన పెట్టుకొని రావాలి. తల్లికి తోడుగా కూతురు వెళితే ఆనాటికి ఆ పిల్లకు బడి లేనట్లే. పచ్చిపుల్లలు ఒక పట్టాన రాజుకోవు. గొట్టంతో ఊది ఊది కళ్లు ఎర్రబడేవి. సంగటి కెలికేది ఆ పొగలోనే. ఇళ్లలోని ఇటువంటి పొగవల్ల 2020లో ప్రపంచంలో సుమారు 32 లక్షలమంది మరణించారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా.

సంగటికి మూలమైన రాగి మొదట మన దేశపు పైరు కాదు. వేల ఏళ్లనాడు తూర్పు ఆఫ్రికాలోని ఎత్తయిన నేలల నుండి వచ్చింది. కెన్యాలో పిండిని మరిగే నీటిలో పోసి, కెలికి ‘ఉగాలి’ వండుతారు. నేడు ఎక్కువగా మొక్కజొన్నపిండి వాడతారు. రాగిపిండితో చేసేవారూ ఉన్నారు. ముద్దను చేత్తో తుంచి కూరలో అద్దుకొని తింటారు. పొయ్యి కూడా చాలా పల్లెల్లో మూడు రాళ్లదే. కోలారు ఆడపడుచు అక్కడికి వెళితే వంటింట్లో ఆమెకు కొత్తగా తోచేది భాష ఒక్కటే కావచ్చు.

ఆఫ్రికా పల్లెలకు సేవచేయడానికి పరదేశాల నుండి ఎందరో వెళ్లారు. 1961లో అమెరికా పీస్ కోర్ మొదటి జట్టు ఉపాధ్యాయులుగా ఘనాకు వెళ్లింది. 1970లో ఐక్యరాజ్యసమితి కూడా స్వచ్ఛంద సేవకుల కోసం ఒక సంస్థను ఏర్పరచింది. పాఠం చెప్పడానికి వెళ్లినవారైనా నీళ్లబిందె నెత్తికెత్తుకునేటప్పుడు తామే విద్యార్థులు కావాలి. ఒకే రోటిలో ఇద్దరు దంచితే రోకళ్లు తగలకుండా లయ కుదరాలి. కొత్తవారి తడబాటు చూసి పల్లె స్త్రీలు నవ్వుతారు. ఆ నవ్వులోనే చనువు మొదలవుతుంది. పొయ్యి మార్చాలనుకునేవారు ముందు ఒక పూట ఆ పొయ్యి ముందు కూర్చోవాలి. లేకపోతే ఎండలో వండే సౌర పొయ్యిని తెచ్చి, చీకటి పడ్డాక సంగటి కెలికే ఇంటికి ఇస్తారు. అది మూలన పడుతుంది.

కోలారులో 1993లో మొదలైన ఎస్.కె.జి. సంఘ పెరటిలో ఉన్నదానితోనే పని ప్రారంభించింది. పాడి పశువులున్న ఇంట పేడకు కొదువ లేదు. భూమిలో ఇటుకలతో గుమ్మటం కట్టి, పేడను అంతే నీటితో కలిపి అందులో పోస్తారు. లోపల పులిసి గ్యాసు పుడుతుంది. రోజుకు సుమారు 50 కిలోల పేడ ఉంటే అయిదారుగురి వంట జరుగుతుంది. వెలుపలికి వచ్చే గుజ్జును వానపాములకు వేసి ఎరువు చేస్తారు. ఆ ఎరువు అమ్మిన డబ్బు స్త్రీల చేతికి వస్తుంది. ఈ పనికి 2007లో ఆష్‌డెన్ పురస్కారం లభించింది. 2009 నుండి కెన్యా, ఉగాండా, టాంజానియా, ఇథియోపియా, బుర్కినాఫాసో దేశాల్లో కూడా పేడ గ్యాసు పథకం ఒకటి సాగింది.

పుల్లల మోపు తప్పింది, పొగ తగ్గింది. కాని పేడ కలిపే పని రోజూ ఉంటుంది. 50 కిలోల పేడకు 50 లీటర్ల నీరు కావాలి. వానలు లేని ఏడు పశువులను అమ్ముకుంటే గుమ్మటం ఖాళీ. కొళాయి దూరమైన ఇళ్లలో ఆ నీళ్లు మోసేది ఎక్కువగా ఆడవారే.