ముప్పై సెకండ్లు

చింతామణి

చిరంజీవి మనవడికి,

మొన్న ఝాన్సీ మైదానంలో గట్టు మీద కూర్చుని నీ జట్టు పిల్లల వాలీబాల్ ఆట చూసినాను. వరసగా ఐదు పాయింట్లు పోయినాక టైమవుట్ అడిగినావు. మళ్లీ ఆటలోకి రాగానే సర్వీస్ మనకొచ్చింది. "చూస్తివా తాతా, ఎట్ల పనిచేసిందో!" అన్నావు. పీటీ మాస్టరుగా నేనూ ఏళ్ల తరబడి అట్లే నమ్మినాను.

టైమవుట్ ఎప్పుడు అడుగుతాం నాయనా? బాగా దెబ్బ తింటున్నప్పుడే కదా. జ్వరం ముదిరినప్పుడు మాత్ర వేస్తాం. అది తనంతట తగ్గినా పేరు మాత్రకే పోతుంది. పైగా వాలీబాల్‌లో సర్వీస్ అందుకునే జట్టుకే ముందు స్మాష్ కొట్టే వీలు. పెద్ద స్థాయి ఆటలో ఎక్కువ ర్యాలీలు వాళ్లవే. ఐదు వరసగా పోవడమే వింత, ఆరోది రావడం వింత కాదు.

బ్రెజిల్ పరిశోధకులు అమెరికా ఎన్‌బీఏ బాస్కెట్‌బాల్ ఆటల్లో టైమవుట్ అడిగిన ఘట్టాలను, అట్లాంటి పరిస్థితిలోనే అడగని ఘట్టాలతో జతపెట్టి చూసినారు. 2020లో వాళ్లు చెప్పింది: టైమవుట్ వల్ల జట్టు ఆట మెరుగుపడలేదని.

నువ్వూ రాసి చూడు. నాలుగు పాయింట్లు వరసగా పోయిన ప్రతిసారీ, ఆ తర్వాతి ఐదింటిలో మనకెన్ని వచ్చినాయో రాయి. టైమవుట్ అడిగినవి ఒక పక్క, అడగనివి ఇంకో పక్క. అడగనివి రాయకపోతే ఆ లెక్కకు విలువ లేదు.

అడగొద్దని కాదు నేననేది. సెట్టుకు రెండు, ఒక్కోటి 30 సెకండ్లు. పిల్లలు నీ దగ్గరికి నడిచొచ్చి నీళ్లు తాగేసరికే సగం పోతుంది. మిగిలిన సగంలో నువ్వు లిఫ్టర్‌ను తిట్టినావు, బ్లాక్ గురించి చెప్పినావు, గెలవాలన్నావు. అవతల సర్వీసులన్నీ ఐదో స్థానానికీ ఆరో స్థానానికీ నడుమ పడుతున్నాయి. ఇద్దరు పిల్లోళ్లూ ఒకరి మొగం ఒకరు చూసుకుంటున్నారు. తెల్ల బూట్లవాడు రెండుసార్లు ముందుకు ఒంగి ఆగిపోయినాడు. "నడుమ పడితే ఆరో స్థానంవాడిదే, 'నాది' అని అరువు." ఈ ఒక్క మాట చెప్పుంటే చాలు.

సర్వీస్ మనకెట్ల వచ్చిందో గమనించినావా? వాళ్ల పిల్లోడు బంతిని నెట్‌కు కొట్టినాడు. ఆగినందువల్ల వాడి చేయి చల్లబడిందంటావా? అయ్యుండొచ్చు. అదీ పుస్తకంలో రాద్దాం.

ఆదివారం ఆటకు గీతలు కొట్టిన నోటుబుక్కు నేనే తెస్తా. అదే గట్టు మీద ఉంటా.

మీ తాత