ఏ జల్లెడ దేన్ని ఆపుతుంది?

బియ్యంలో నూక ఉంటే జల్లెడ పడతాం. నూక కిందికి పోతుంది. బియ్యం పైన ఆగుతుంది. చాయ పొడిని జాలి ఆపుతుంది. కన్నం కంటే పెద్దది ఆగుతుంది, చిన్నది దిగిపోతుంది. వడబోతలో ఉన్న కిటుకు ఇదే.

తాగే నీళ్ల సంగతీ ఇంతే. నీళ్లు తేటగా ఉంటే మంచివే అనుకుంటాం. కంటికి కనబడనివి కూడా అందులో ఉంటాయి. దేన్ని ఏ జల్లెడ ఆపుతుందో తెలుసుకుందాం.

గుడ్డ ఆపేది

నారికురుపు పెద్దవాళ్లకు గుర్తుండే ఉంటుంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోనూ ఆ రోగం ఉండేది. కాలి మీద పొక్కు లేచి, దారం లాంటి పొడవాటి పురుగు బయటికి వచ్చేది. ఆ కాలు బావి నీళ్లలో పెడితే, పురుగు తన పిల్లలను నీళ్లలో వదిలేది. వాటిని సైక్లాప్స్ అనే చిన్న నీటి పురుగు మింగేది. ఆ నీళ్లు తాగినవాళ్లకు ఏడాది తిరిగేసరికి నారికురుపు లేచేది.

దీనికి టీకా లేదు. అందుకే మెట్ల బావుల బదులు బోర్లు వేశారు. ఆడవాళ్లు దగ్గర నేత గుడ్డతో నీళ్లు వడబోశారు. సైక్లాప్స్ గుడ్డ కన్నం కంటే పెద్దది, అందుకే ఆగిపోయింది. మన దేశంలో చివరి కేసు 1996లో వచ్చింది. 2000లో ప్రపంచ ఆరోగ్య సంస్థ భారతదేశంలో నారికురుపు లేదని ప్రకటించింది. ఆ రోగాన్ని తరమడంలో గుడ్డ ముక్కకూ వాటా ఉంది.

సన్నని పొర ఆపేది

కలరా, టైఫాయిడ్ తెచ్చే సూక్ష్మజీవులు ఇంకా చిన్నవి. అవి గుడ్డలోంచి దిగిపోతాయి. మిల్లీమీటరును 1000 భాగాలు చేస్తే ఒక భాగాన్ని మైక్రాను అంటారు. ఈ సూక్ష్మజీవులు దాదాపు ఒక మైక్రాను ఉంటాయి.

వీటిని ఆపడానికి ప్లాస్టిక్ లాంటి పదార్థంతో సన్నని పొర చేస్తారు. దాని కన్నాలు మైక్రానులో సుమారు నూరో వంతు. దీన్ని అల్ట్రా ఫిల్ట్రేషన్ అంటారు. పొట్టిగా యు.ఎఫ్. అని రాస్తారు.

పాల కర్మాగారాల్లో కూడా ఈ పొరను వాడతారు. పాలు విరిగినప్పుడు పచ్చని నీళ్లు మిగులుతాయి కదా! ఆ నీళ్లను ఈ పొర గుండా పంపుతారు. మాంసకృత్తులు ఆగుతాయి. పాలలోని చక్కెర, లవణాలు నీళ్లతోపాటు దిగిపోతాయి. ఈ మాట గుర్తు పెట్టుకోవాలి. యు.ఎఫ్. పొర కరిగిన ఉప్పును ఆపదు.

కరిగిన ఫ్లోరైడ్

కుసుమంచి నుంచి సూర్యాపేట రోడ్డు పడితే పాత నల్లగొండ జిల్లా వస్తుంది. ఆ జిల్లాలో చాలా ఊళ్ల బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువ. అది భూమి లోపలి రాళ్లలోంచి కరిగి నీళ్లలో కలుస్తుంది. కంటికి కనబడదు, వాసన రాదు. లీటరు నీళ్లలో 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు. దాటితే పిల్లల పళ్లకు మచ్చలు పడతాయి. ఏళ్ల తరబడి తాగితే ఎముకలు వంకర పోతాయి, కీళ్లు బిగుసుకుపోతాయి.

"కాచి చల్లార్చి తాగితే పోదా బిడ్డా?" అని ఒక అత్త అడిగింది.

"కాచితే సూక్ష్మజీవులు చస్తాయి అత్తా. ఫ్లోరైడ్ పోదు. చారు మరిగిన కొద్దీ ఉప్పు ఎక్కువైనట్టు, అది ఇంకా చిక్కబడుతుంది" అన్నది కోడలు.

"అయితే యు.ఎఫ్. డబ్బా కొందామా?"

"అదీ ఆపదు అత్తా. ముందు మన నీళ్లు పరీక్ష చేయిద్దాం. ఏముందో తెలిస్తే ఏం కావాలో తెలుస్తది."

కోడలి మాట నిజం. కరిగిన ఫ్లోరైడ్‌ను ఆపాలంటే ఆర్.ఓ. పొర కావాలి. అది ఇంకా బిగువైన పొర. మోటారు ఒత్తిడితో నీళ్లను అందులోంచి నెట్టాలి. పనికొచ్చే ఆర్.ఓ. పొరను 1960 ప్రాంతంలో అమెరికాలో ఇద్దరు తయారుచేశారు. వారిలో ఒకరు మన దేశంలో పుట్టిన శ్రీనివాస సౌరిరాజన్. ఆర్.ఓ. నుంచి వేరే గొట్టంలో బయటికి పోయే నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువ. వాటిని తాగకూడదు, వంటకు వాడకూడదు.

పొర లేని దారి కూడా ఉంది. నాగపూర్‌లోని నీరి సంస్థ 1970లలో ఒక పద్ధతి చెప్పింది. నీళ్లలో సున్నం, పటిక, బ్లీచింగ్ పౌడరు లెక్క ప్రకారం కలపాలి. మడ్డి అడుగుకు దిగాక పై నీళ్లు తీసుకోవాలి. దీని పేరే నల్లగొండ పద్ధతి. అన్నిటికంటే మేలు, ఫ్లోరైడ్ లేని నీళ్లు తెచ్చుకోవడం. 2016లో మొదలైన మిషన్ భగీరథ నల్లగొండ పల్లెలకు కృష్ణా నీళ్లను శుద్ధి చేసి పంపింది.

చేసి చూడండి

ఒక గ్లాసు మంచి నీళ్లలో చెంచా రవ్వ, చెంచా ఉప్పు కలపండి. గుడ్డతో వడబోయండి. ఒక చుక్క నాలుక మీద వేసుకోండి. ఏది ఆగింది? ఏది ఆగలేదు?

మాట్లాడుకోండి

1. మీ ఊళ్లో తాగే నీళ్లు ఎక్కడి నుంచి వస్తున్నాయి?
2. వాటిని ఎప్పుడైనా పరీక్ష చేయించారా? పంచాయతీలో ఎవరిని అడగాలి?
3. కాచితే పోయేది ఏది? పోనిది ఏది?