నేలలో దిగిన విషము
బ్రూక్‌హేవెన్ పరిశోధనశాల వలన రైతులు నేర్వదగిన పాఠము

నేలపై ఒలికినది నేలలో కలిసిపోయినదని మనము వాడుకగా చెప్పుకొందుము. కాని కలిసిపోవుట వేరు, నశించుట వేరు. కంటికి కానరాని వస్తువు నేలక్రింద నడచి, కొన్ని సంవత్సరములకు పొరుగువాని బావిలో తేలవచ్చును. గొప్ప శాస్త్రజ్ఞులుండు ప్రభుత్వ పరిశోధనశాలయందే ఇట్టిది జరిగినది. దానిని శుద్ధిచేయుటకు వారు పడిన శ్రమను తెలిసికొనిన యెడల, మన బావులను కాపాడుకొను మార్గము సులభముగా బోధపడును.

స్థలము, నేల స్వభావము

అమెరికా దేశమున న్యూయార్కు నగరమునకు తూర్పున సుమారు 60 మైళ్ల దూరమున, లాంగ్ ఐలండు అను ద్వీపముపై బ్రూక్‌హేవెన్ జాతీయ పరిశోధనశాల కలదు. పూర్వము సేనలకు విడిదియైన క్యాంప్ అప్టన్ అను స్థలమున ఇది 1947వ సంవత్సరమున స్థాపింపబడెను. దీని విస్తీర్ణము 5,265 ఎకరములు.

అచ్చటి నేల ఇసుకయు గులకరాళ్లును కలిసినది. వాననీరు త్వరగా లోనికి దిగును. ఆ ప్రాంతపు జనులు త్రాగు నీరంతయు భూగర్భమునుండి తోడునదియే. ఆ జలము నిలిచియుండునది కాదు; రోజుకు రమారమి ఒక అడుగు చొప్పున దక్షిణముగా సాగుచుండును. ఒక అడుగే కదా యని తోచవచ్చును. లెక్కవేసినచో ముప్పది సంవత్సరములకు అది రెండు మైళ్లు నడచును.

కాలుష్యము ఎట్లు కలిగెను

ఒక్క కారణము కాదు. యంత్రములను కడిగిన ద్రావకములు నేలకు చేరినవి. రసాయనపు సీసాలను, పరిశోధనలో చచ్చిన జంతువుల కళేబరములను గోతులలో పూడ్చిరి. అణుయంత్రముల నుండి స్ట్రాన్షియం, ట్రిషియం అను కిరణములు వెదజల్లు పదార్థములు దిగినవి. 1989వ సంవత్సరమున ప్రభుత్వము ఈ స్థలమును తప్పక శుద్ధిచేయవలసిన స్థలముల పట్టికలో చేర్చెను.

మనకు ముఖ్యముగా పట్టవలసిన సంగతి మరియొకటి కలదు. పరిశోధనకై పైరులు పెంచిన పొలములలో 1970 తరువాతి సంవత్సరములలో నేలలోని పురుగులను చంపుటకు ఇథిలీన్ డైబ్రోమైడు అను మందును వాడిరి. ఆ మందు నీటితో దిగి, పరిశోధనశాల ఎల్లను దాటి, దక్షిణమునకు పోయెను. త్రాగునీటిలో దీనికి ఏర్పరచిన హద్దు లీటరుకు 0.05 మైక్రోగ్రాము. అనగా ఒక్క గ్రాము మందు 2 కోట్ల లీటర్ల నీటిని ఆ హద్దునకు తెచ్చును. ఇరువది అడుగుల వెడల్పు గల గుండ్రని బావిలో ముప్పది అడుగుల నీరున్నచో సుమారు 2,67,000 లీటర్లగును. అట్టి బావులు డెబ్బదియైదింటికి ఒక్క గ్రాము చాలును.

అదే ద్వీపమున బంగాళాదుంప పొలములలో వాడిన ఆల్డికార్బ్ అను మందు 1979లో బావులలో కనబడెను. ఎనిమిదివేలకు పైగా బావులను పరీక్షింపగా వెయ్యికి మించిన బావులలో అది హద్దు దాటియుండెను. ఈ రెండు మందులును మన దేశమున 2001లో నిషేధింపబడినవి.

రెండు బిందెల నీరు

1997 జనవరిలో ఒక అణుయంత్రపు నీటితొట్టినుండి ట్రిషియం కారుచున్నదని తెలిసెను. కారినది రోజునకు సుమారు 23 మొదలు 34 లీటర్లు. అనగా రెండు మూడు బిందెలు. కాని అది దాదాపు పండ్రెండు సంవత్సరములు ఎవరికిని తెలియకుండ కారెనని విచారణలో తేలెను. ఆ యంత్రము చెంత పరీక్ష బావులను వేయుదుమని 1994లోనే స్థానికాధికారులతో ఒప్పుకొనియు, ముఖ్యము కాదని రెండేండ్లు జాగుచేసిరి. ఆ నీరు ఎల్ల దాటి ఎవరి త్రాగునీటి బావికిని చేరలేదు. అయినను జనుల నమ్మకము పోయెను. 1997 మే నెలలో ప్రభుత్వము నిర్వాహకుల ఒప్పందమును రద్దుచేసెను. 1999లో ఆ యంత్రము శాశ్వతముగా మూయబడెను.

శుద్ధిచేయు పద్ధతులు

మొదట జనులను కాపాడిరి. దక్షిణపు వైపుననున్న సుమారు 1,500 ఇండ్లకు ప్రభుత్వ ఖర్చుతో కుళాయి నీరు ఇచ్చిరి. పిదప మూలమును తీసిరి: 1997లో పాతగోతులను త్రవ్వి చెత్తను వెలికి తీసిరి. మూలమున్నంత కాలము నీటిని శుద్ధిచేయుట పగులు కుండలో నీరు పోయుటయే.

తరువాత నీటిని పట్టిరి. విషము నడచు దారికి అడ్డముగా బావులు వేసి తోడుదురు. ద్రావకములున్న నీటిని పొడవైన గోపురములలో జల్లుగా క్రిందికి విడిచి, ఎదురుగా గాలిని తోలుదురు. ద్రావకము ఆవిరియై నీటిని విడుచును. పురుగుమందు కలిసిన నీటిని ప్రత్యేకముగా సిద్ధపరచిన బొగ్గు గుండా పోనిత్తురు. ఇథిలీన్ డైబ్రోమైడు నిమిత్తము ఈ ఏర్పాటు 2004లో మొదలయ్యెను. స్ట్రాన్షియమును పట్టుటకు ఒక ఖనిజపు గుల్లను వాడుదురు. శుద్ధమైన నీటిని మరల నేలలోనికే ఇంకనిత్తురు.

ట్రిషియం నీటిలో నీరై యుండును గనుక ఏ వడపోతకును చిక్కదు. దాని శక్తి సుమారు 12 సంవత్సరములకు సగమగును. ఆ నీటిని తోడి వెనుకకు, ఉత్తరమున విడిచి, ఎల్ల చేరులోపల శక్తి తగ్గునట్లు చేసిరి. అచ్చట కాలమే మందు.

1996-97లో ప్రారంభమైన ఈ పనిలో మేలైన ఫలితములు కలిగినవి. అయినను పైపొరలోని ద్రావకములు హద్దునకు దిగుటకు 2030 వరకును, ఒకచోటి స్ట్రాన్షియమునకు 2070 వరకును గడువు పెట్టుకొనిరి. పోయుటకు నిమిషము, తీయుటకు తరము.

మనము చేయవలసినది

అట్టి గోపురములు, యంత్రములు గ్రామమునకు రావు. కావున రాకుండ చూచుకొనుటయే మన శుద్ధి.

1. బావి గట్టున, బోరు చెంత మందు కలుపరాదు, స్ప్రేయరు కడుగరాదు.
2. మందు డబ్బాను మూడుమార్లు కడిగి, ఆ నీటిని స్ప్రేయరులోనే పోసి పైరుపై చల్లవలెను. ఖాళీ డబ్బాకు చిల్లులు పొడువవలెను. బావి దాపున పూడ్చరాదు.
3. ఇసుక నేలలవారు మరింత జాగ్రత్తపడవలెను. పెద్దవాన సూచన యున్నప్పుడు మందు వేయరాదు.
4. విడిచిన బోరును తెరచియుంచరాదు. అది విషమునకు రాజమార్గము.
5. సాధారణ పరీక్షలో ఉప్పు, ఫ్లోరైడు వంటివి తెలియును గాని పురుగుమందుల అవశేషములు తెలియవు. దానికి వేరుగా పరీక్ష కోరవలెను. ఒక్కరైతుకు ఈ ఖర్చు భారము. సంఘము పూనుకొని కొన్ని బావులనైనను ఏటేట పరీక్షింపించి ఫలితములను పుస్తకమున వ్రాసియుంచినచో అందరికిని మేలు.

సమావేశమున చర్చింపదగిన ప్రశ్నలు

1. మన ఊరిలో భూగర్భజలము ఏ వైపునకు నడచును? దాని దారిలో ఎవరి బావులున్నవి?
2. ఖాళీ మందు డబ్బాలు నేడు ఎచ్చటికి పోవుచున్నవి?
3. ఈ సంవత్సరము మొదట పరీక్షింపదగిన బావులేవి?

ఈ మూడవ ప్రశ్నకు జవాబును వచ్చు సమావేశముననే నిర్ణయించుట మంచిది. బ్రూక్‌హేవెన్‌లో రెండేండ్ల జాగు ఎంత ఖరీదైనదో పైన చూచితిమి గదా.